గాటు లేని చేపలు

మా నాయిన నాకు చేపలు పట్టడం నేర్పింది మా ఇంటి వాకిట్లో, ఎండకు కాలుతున్న సిమెంటు గచ్చు మీద. అక్కడ చెరువు లేదు, నీళ్ళు లేవు, చేప అసలే లేదు. గాలం కట్టె పట్టుకుని నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే, దారం రెండో కొస పట్టుకుని ఆయన రేకుల నీడన మంచం మీద కూర్చున్నాడు. కళ్ళకు నల్లద్దాలు. నాలుగు రోజుల కిందటే కుడి కంటికి మోతిబిందు, అంటే శుక్లం, ఆపరేషన్ అయింది.

"ఇప్పుడు నేను చేపను," అన్నాడు గంభీరంగా. "గుంజుత, ఆపు సూద్దాం."

ఒక్క గుంజు గుంజాడు. కట్టె నా చేతిలోంచి ఎగిరిపోయి అమ్మ ఆరబెట్టిన మిరపకాయల మీద పడింది. నేను కుర్చీతో సహా ముందుకు ఒరిగాను.

"గట్ల గుంజుతది చేప. ఎద్దు లెక్క," అన్నాడు తృప్తిగా.

వంటింట్లోంచి అమ్మ దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు తర్వాత తెలిసింది.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్. బొగ్గు గనిలో పనికని మా నాయిన తెలంగాణ నుంచి వచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. నేను ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదివి, ఇప్పుడు ఇంకో మరాఠీ బడిలో పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. పెళ్ళయినా అమ్మవాళ్ళింటికి రెండు గల్లీల అవతలే ఉంటాను కాబట్టి అక్కడ ఏ గొడవ జరిగినా నాకు వినిపిస్తుంది. వినిపించకపోతే వెళ్ళి వింటాను.

ఊరు మారినా మా వాళ్ళు మిరుగాన్ని మాత్రం వదల్లేదు. మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. రోహిణి ఎండలకు ఉడికిపోయిన ఒంట్లోకి ఆ రోజు చేపల కూర పోతే వానాకాలమంతా దగ్గూ దమ్మూ రావంటారు. మా గల్లీలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ ఆ పూట ఒకటే వాసన. అందరూ బజారు నుంచి తెచ్చుకుంటారు. మా ఇంట్లో పద్ధతి వేరు. నాయిన తెల్లారేసరికి ఊరవతలి చెరువుకు పోయి, తానే గాలం వేసి, పదకొండు దాటకుండా చేప తెస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. ఆ చేప తలకాయ ఎప్పుడూ ఆయన పళ్ళెంలోనే పడేది. పట్టిన మనిషికి అది మర్యాద అనుకునేదాన్ని.

మామూలు ఆదివారాల్లో కూడా పోయేవాడు. అప్పుడు మాత్రం ఖాళీ చేతులతో వచ్చేవాడు. "చిన్నయి పడ్డయి. పాపం, ఇడిసిపెట్టిన," అనేవాడు. మా నాయినది ఎంత జాలిగుండో చెప్తూ ఆరో తరగతిలో నేను ఒక వ్యాసం రాశాను. దానికి బహుమతి కూడా వచ్చింది.

ఈసారి డాక్టరు వంగొద్దన్నాడు, ఎండలో తిరగొద్దన్నాడు, దుమ్ము వద్దన్నాడు, కొన్నాళ్ళు ఫోను తెర కూడా చూడొద్దన్నాడు. మిరుగం ఇంకా మూడు రోజులుంది. నాయిన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఇగ నా పని అయిపోయింది. ఈ ఇంట్ల మిరుగం గూడ అయిపోయింది," అన్నాడు గోడతో.

"బజార్ల తెచ్చుకుందాం తియ్," అంది అమ్మ.

"బజారు చేప మిరుగం నాడు నా ఇంట్లకు రావద్దు."

ఏళ్ళ తరబడి భూమి లోపల దిగి పని చేసిన మనిషి. కంట్లో చుక్కల మందు వేస్తుంటే చిన్నపిల్లాడిలా ముఖం పెడుతున్నాడు. కూర్చోబెడితే కూర్చుంటున్నాడు, పడుకోబెడితే పడుకుంటున్నాడు. నాకు చాలా దుఃఖం వచ్చింది. నాకు దుఃఖం వస్తే నోరు ముందు లేస్తుంది.

"నేను పోత. నేను పట్టుకొస్త," అన్నాను.

నాయిన ఒక్క దెబ్బకు ఇటు తిరిగాడు. "నువ్వా? వద్దు బిడ్డా."

"ఎందుకు?"

"ఎండ."

"గొడుగుంది."

"పులి."

చుట్టూ పులులున్న అడవే కాబట్టి మా జిల్లాలో ఎవరిని ఏ పని ఆపాలన్నా చివరికి పులినే పిలుస్తారు. నా చిన్నప్పుడు ట్యూషన్ ఎగ్గొట్టడానికి నేనూ పిలిచాను. "మరి గిన్నేండ్లు నువ్వెట్ల పోయినవ్ నాయినా? పులితోని పొత్తు కలిసినవా?"

నాయిన మళ్ళీ గోడవైపు తిరిగాడు. "వద్దంటే వద్దు. నీతోని కాదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీతో కాదు అని ఎవరైనా అంటే ఆ పని చేసి చూపించేదాకా నాకు అన్నం సహించదు. మా ఆయన ఒకసారి అలాగే అంటే కూలర్ విప్పాను. అది ఇప్పటికీ విప్పే ఉంది.

నన్ను ఆపలేనని తెలిశాక నియమాలు చెప్పడం మొదలుపెట్టాడు. నేను నోటుబుక్కు తెరిచాను. ఆయన తెలుగులో చెప్తుంటే నేను మరాఠీ అక్షరాల్లో రాసుకున్నాను. తెలుగు అక్షరాలు నాకు పెద్దయ్యాక వచ్చినవి, తొందరలో రావు.

మొదటి నియమం, చెరువు దగ్గర చేప అనకూడదు. దానికి వినబడుతుందట. చుట్టం అనాలి. ఇంకోటి, రంగు బట్టలు చూస్తే చుట్టం బెదురుతాడు కాబట్టి మీద ఆయన గని చొక్కా, ఖాకీది, వేసుకోవాలి. ఎరకు వానపాము ముట్టనని నేను ముందే చెప్పాను. ఆయన కూడా ముట్టడట, ఆయనది పిండి ముద్ద. గోధుమపిండి, వేయించిన పల్లీల పొడి, బెల్లం, ఇంగువ, దంచిన ఎల్లిపాయ. "ఇంత కొత్తిమీర గూడ ఏస్తే కూర చెర్లనే అయితది," అంది అమ్మ లోపల్నుంచి. ముద్ద గాలానికి గుచ్చాక దాని మీద ఉమ్మెయ్యాలి. ఇది నేను రాసుకోలేదు. చుట్టానికి పెట్టే తిండి మీద ఉమ్మడమేంటని అడిగితే, "నీకు తెల్వదు, రాసుకో," అన్నాడు.

దారానికి కట్టిన బెండు నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. అది మునగ్గానే తొందరపడి గుంజకూడదు. పది లెక్కపెట్టాలి. "మంచిగ మింగనీయాలె. తిననీయకుండ చెయ్యి వట్టుకుంటే చుట్టం అలుగుతడు."

ఆఖరి నియమాన్ని మూడుసార్లు చెప్పాడు. "కట్ట మీద ఒకామె బుట్ట వెట్టుకోని కూసుంటది. పచ్చ కొంగు. ఎడమ చెవుకు కమ్మ ఉండదు. ఆమెతోని అస్సలు మాట్లాడకు. చుట్టం బెదుర్తడు."

"ఎవరామె?"

"ఎవలో. నాకేం తెలుసు?"

తెలియని మనిషి చెవికి కమ్మ లేదని ఈయనకెలా తెలుసో అని నాకు అనుమానం రావాలి. రాలేదు. బుద్ధిగా రాసుకుని కింద గీత కూడా కొట్టాను.

మిరుగం నాడు పొద్దున ఆరున్నరకు స్కూటీ మీద చెరువు చేరాను. ఎండాకాలం చెరువును సగానికి పైగా తాగేసింది. ఒడ్డు పొడుగునా బురద ఎండి పగుళ్ళు పట్టింది. కట్ట మీద పులి బొమ్మతో మరాఠీ బోర్డు, దాని నీడలో రెండు మేకలు నెమరేస్తున్నాయి. నాయిన చెప్పిన తెల్లబండ వెతుక్కుని, ఖాకీ చొక్కాలో, నెత్తిన గొడుగుతో కూర్చున్నాను. మేకలు నన్ను చూసి లేచి వెళ్ళిపోయాయి.

గాలం ఇంకా నీళ్ళలో పడకముందే ఫోను మోగింది. చెరువు అవతలి కొంగలు లేచాయి.

"సప్పుడు చేయకు!" అని అరిచాడు నాయిన. ఆయన తెర చూడకూడదు కాబట్టి అమ్మ చేత నంబరు నొక్కించి స్పీకర్‌లో పెట్టించుకుంటున్నాడు. "చుట్టం వచ్చిండా?"

"ఇంకా నేనే సక్కగ రాలే నాయినా."

"ఎవలన్న మాట్లాడిచ్చిన్రా?"

"లేదు."

"మంచిది. మాట్లాడకు."

పది నిమిషాలకోసారి ఇదే. చుట్టం గురించి ఒక ప్రశ్న, మనుషుల గురించి రెండు. మధ్యమధ్య బెండు మునిగేది. ఒకటి, రెండు, మూడు అని నేను క్లాసులో చెప్పినట్టు నింపాదిగా పది దాకా లెక్కపెట్టి ఎత్తేదాన్ని. గాలం తోమిన గిన్నెలా మెరుస్తూ వచ్చేది. మళ్ళీ ముద్ద, మళ్ళీ పది, మళ్ళీ మెరుపు. మొదట పడింది ఒక పాల పాకెట్టు. రెండోసారి పడింది నా చున్నీయే. కొసకు గాలం చిక్కుకుని, నన్ను నేనే గుంజుకున్నాను. తొమ్మిదింటికల్లా పిండి సగమైంది, నా ఓపిక అంతకంటే ముందే అయిపోయింది.

అప్పుడు వచ్చింది ఆమె. పచ్చ కొంగు, చంకలో బుట్ట, ఎడమ చెవికి కమ్మ లేదు. అరవై ఉంటాయి. ముందు నన్ను చూడలేదు, నా చొక్కాను చూసింది.

"కాకా ఆలే నాహీత్?" అంది. ఈ చొక్కా మనిషి రాలేదా అని.

నియమం గుర్తొచ్చి నేను నోరు మెదపలేదు. తల అడ్డంగా ఊపి, నా కన్ను చూపించి, చేతితో కత్తెర ఆడించాను. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుని పక్కనే కూర్చుండిపోయింది.

"అయ్యో తాయీ! ముందే చెప్పి ఉంటే ఒకటి తీసి పక్కన పెట్టేదాన్ని కదా," అంది మరాఠీలో. తాయీ అంటే అక్క. "ప్రతి మిరుగానికీ కాకా కోసం మంచి చేప ఒకటి దాస్తాను. ఈసారి ఎంతకీ మనిషి కనబడలేదని వేరేవాళ్ళకు ఇచ్చేశాను. చూడు, బుట్ట ఖాళీ."

నియమం మర్చిపోయాను. "ప్రతి మిరుగానికీనా?"

"ప్రతి మిరుగానికీ. నా కంటే ముందు మా అత్త ఇచ్చేది."

నోరు వెళ్ళబెట్టాను. బెండు మునిగి తేలింది, లెక్కపెట్టడం మర్చిపోయాను. "ఆయన గాలానికి ఎప్పుడూ ఏమీ పడలేదా?" అని అడిగాను చివరికి.

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "ఒకసారి తాబేలు పడింది," అంది. మళ్ళీ నా ముఖం చూసి, ఊరటగా, "పిండి మాత్రం కాకాది చాలా మంచిది తాయీ. ఈ చెరువులో చేపలన్నీ అది తినే పెరిగాయి," అంది. ఆమె నవ్వడం లేదు.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పళ్ళు నూరాను. ఆ వ్యాసం, ఆ బహుమతి, ఆ జాలిగుండె! ఈ మనిషి చెప్పిన నియమాలకు నేను గీతలు కొట్టుకున్నాను. ఉమ్మాను కూడా. అవును, మూడోసారి నుంచి ఉమ్మాను, ఎవరూ చూడలేదని.

ఫోను మోగింది. "చుట్టం వచ్చిండా?"

"ఒక కొంగ వచ్చింది నాయినా," అన్నాను.

"కొంగనేనా? ఇంకెవలు లేరు గదా?"

"ఇంకెవ్వరు లేరు."

ఇప్పుడు నాకు రెండు దారులున్నాయి. స్కూటీ ఎక్కి బజారుకు పోయి ఒక చేప కొని, చుట్టం వచ్చాడని చెప్పొచ్చు. తండ్రి విద్యే కదా. ఆయనే అలా చేశాడు కాబట్టి నన్ను నిలదీసే ధైర్యం కూడా ఉండదు. కానీ గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపు గుర్తొచ్చింది. ఆ మనిషి తన పని అయిపోయిందని దిగులు పడుతున్నాడు. నిజానికి ఆయన పని మొదలే కాలేదు. మా ఇంట్లో ఎవరో ఒకరు, ఒక్కసారైనా, నిజంగా ఒక చేప పట్టాలి. అది ఈ రోజే పట్టాలి, అదీ ఆయన పిండితోనే. అంత పంతం నాకు బోర్డు పరీక్షలప్పుడు కూడా పట్టలేదు.

"నాకు నేర్పు," అన్నాను ఆమెతో.

ముందు నన్ను ఆ తెల్లబండ మీంచి లేపింది. అక్కడ నీళ్ళు మోకాలు లోతు లేవు, ఎండకు కాగిపోయాయి, పిల్లచేపలు తప్ప ఏవీ రావట. తూము పక్కన తుమ్మచెట్ల నీడలో, లోతున్న చోట కూర్చోబెట్టింది. బెండును దారం మీద పైకి జరిపి గాలం అడుగుదాకా దిగేలా చేసింది. నేను లడ్డూ అంత ముద్ద చుడుతుంటే చేతి మీద కొట్టి, బఠానీ గింజంత చెయ్యమంది. అంతకుముందే గుప్పెడు పిండి ఉత్తగా నీళ్ళలో చల్లింది. "ముందు వాటిని పిలవాలి," అంది. లెక్కపెట్టడం గురించి చెప్తే ఈసారి నిజంగానే నవ్వింది. "పది లెక్కపెడితే అది తిని, మూతి కడుక్కుని పోతుంది. బెండు పక్కకు జరిగిందా, వెంటనే మణికట్టు లేపు. ఆకాశందాకా గుంజకు. మణికట్టు, అంతే."

మళ్ళీ ఫోను. స్పీకర్‌లో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

"నాయినా, చుట్టం గాలం వడితే చేతికి ఎట్లుంటది?"

"ఎట్లుంటదంటే... ఎద్దు లెక్క. చెప్పిన గదా."

"రవ్వకు ఎద్దు లెక్కనా, కొర్రమట్టకా?"

"అన్నిటికి గంతే."

"నీకు అన్నిట్ల పెద్దది ఎంత పడ్డది?"

"బిడ్డా, ఫోన్ల ఛార్జింగ్ అయిపోతుంది."

"ఇప్పుడే పెట్టిన ఛార్జింగు," అంది అమ్మ గొంతు వెనక నుంచి.

ఇంకో ప్రశ్న వెయ్యబోతుంటే చేతికి ఏదో తగిలింది. ఎద్దు కాదు. టక్. కాసేపాగి, టక్ టక్. పక్కింటి పిల్ల తలుపు కొట్టాలా వద్దా అని భయపడుతూ కొట్టినట్టు. బెండు మునగలేదు, నెమ్మదిగా పక్కకు నడవడం మొదలుపెట్టింది. నా నోట్లో ఒకటి అని వచ్చేసింది. రెండు రానివ్వలేదు. మణికట్టు లేపాను.

ఆ తర్వాతి సంగతులు నాకు వరసగా గుర్తులేవు. దారం నీళ్ళను కోసుకుంటూ తిరిగింది. నేను లేచాను, గొడుగు చెరువులో పడింది. ఒక రవ్వ చేప, మూర కంటే కొంచెం తక్కువ, ఒడ్డున గడ్డిలో ఎగిరెగిరి పడుతోంది. ఆమె తన పచ్చ కొంగుతో దాని మీద పడింది, నేను ఆమె మీద పడ్డాను. "చేప! చేప!" అని అరుస్తున్నాను. ఊరంతా వినబడే అరుపు, ఇక నియమాలన్నీ అయిపోయాయి.

ఫోను గడ్డిలో ఎక్కడో ఉంది. వెతికి తీసి, "నాయినా, పడ్డది!" అన్నాను.

తెర మీద గడ్డి తుడిచి చూశాను, కట్ కాలేదు.

"నిజంగనే?" అన్నాడు చాలా చిన్నగా.

"నిజంగనే."

"గాలానికే?"

"గాలానికే నాయినా."

"మన పిండికేనా?"

"నీ పిండికే."

అంతే, నన్ను వదిలేసి లోపలికి అరిచాడు. "ఏమే, ఇన్నవా? పడ్డదంట! మన పిండికి పడ్డదంట!" నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి గొంతు అలా ఉండదు. ఆ గొంతు విన్నాక నాకు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. పచ్చ కొంగామె ముందే కూర్చుని ఏడ్చాను. ఆమె నా గొడుగును నీళ్ళలోంచి తీసి ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నల్లా దగ్గర రాళ్ళుప్పు, కత్తిపీట పెట్టుకుని ఉంది. చేపను రుద్ది కడిగి, తలకాయ కొయ్యడానికి పట్టుకుని ఆగింది. నోరు తెరిచి చూసింది. పెదవి పక్కన వేలుపెట్టి మళ్ళీ చూసింది. నాయిన లోపల ఉన్నాడని నిర్ధారించుకుని నా వైపు వంగింది.

"దీనికి గాటున్నది," అంది గుసగుసగా.

"గాలానికి పడ్డదానికి ఉండదా?"

"ఉంటది. గోదారిల గాలాలేసే ఇంట్ల పుట్టినదాన్ని, నాకు తెల్వదా? పెండ్లయినంక మొదటి మిరుగానికి మా అన్నలొచ్చిన్రు. వాళ్ళ ముందట నేను గూడ చేపలు పడుత అని మీ నాయిన పోయిండు. చేప దెచ్చిండు. నోరు దెరిసి సూస్తే గాటు లేదు. వలల పడ్డది అది."

"మరి అడగలేదా?"

"ఏమని అడుగుదు? ఎండల పోయి ఎండల వచ్చిండు, ముఖం గింత అయింది. అన్నలు సూస్తే నవ్వుతరని తల ముందుగాల కోసి ఆయన పళ్ళెంలనే ఏసిన. ఇగ గప్పటి సంది గట్లనే నడుస్తుంది." అమ్మ ఆ గాటును ఉప్పు చేత్తో ఇంకోసారి తడిమింది. "నలభై ఏండ్లకు సూసిన."

అప్పుడు దగ్గింది అమ్మ. ఈసారి నేను కూడా దగ్గాను. ఇద్దరం కత్తిపీటకు అటూ ఇటూ కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గాం.

"ఏమైందే?" అన్నాడు నాయిన లోపల్నుంచి.

"మిరపకాయల ఘాటు," అంది అమ్మ.

అన్నాల దగ్గర అమ్మ తలకాయ నా పళ్ళెంలో వేసింది. నాయిన తన పళ్ళెంలో వేలితో వెతుక్కుని, "తలకాయేది?" అన్నాడు.

"పట్టినోళ్ళకు," అంది అమ్మ.

ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆపరేషన్ తర్వాత అన్నం అడిగి పెట్టించుకోవడం అదే మొదటిసారి.

తిన్నాక మంచం మీద కూర్చుని, నల్లద్దాలు సర్దుకుని, గోడవైపు కాకుండా నా వైపు తిరిగాడు. "బిడ్డా," అన్నాడు. "చేతికి ఎట్లనిపిచ్చింది?"

ఎద్దు లెక్క అని చెప్పొచ్చు. పొద్దున్నయితే చెప్పేదాన్నే. లేచి మూలన పెట్టిన గాలం కట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. గాలం విప్పేసి, దారం కొస పట్టుకుని గచ్చు మీద కూర్చున్నాను.

"ఇప్పుడు నేను చేపను," అన్నాను.

టక్ అని తాకించాను. ఆగాను. టక్ టక్.

"గంత సన్నగనా?" అన్నాడు. చెయ్యి కట్టె మీద బిగిసింది.

దారాన్ని మెల్లగా పక్కకు జరిపాను. నాయిన కదల్లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మూడు, నాలుగు, ఐదు.

"లెక్కపెట్టకు నాయినా. అది తిని పోతది."

"ఇంకోసారి," అన్నాడు.

ఇంకోసారి చేపనయ్యాను. మళ్ళీ తిని పోయాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది, అమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. ఆరోసారికి మా నాయిన నన్ను పట్టాడు.